స్క్రైబస్ 1.6: ‘కథ’ అచ్చులో ‘కధ’ కాకుండా

పైసా ఖర్చు లేకుండా పుస్తకం పేజీలు కట్టుకోవాలంటే ఇవాళ ముందు చూడాల్సింది స్క్రైబస్. పాత 1.4లో తెలుగు ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురుగా పడేవి. 2024 జనవరిలో వచ్చిన 1.6లో యూనికోడ్ తెలుగు సరిగ్గా కూర్చుంటోంది. ఈ సమీక్ష మాత్రం ఒక్క సంగతి మీదే: బయట తయారైన పీడీఎఫ్, వర్డ్ ఫైలు, ఫొటో పేజీలోకి తెచ్చాక అచ్చులో నాణ్యత నిలుస్తుందా? నిలుస్తుంది, సెట్టింగ్స్ వచ్చినవి వచ్చినట్టు వదిలేయకపోతే.

విండోస్‌లో గోస్ట్‌స్క్రిప్ట్ (పీడీఎఫ్‌లను చదివిపెట్టే సహాయక ప్రోగ్రాం) విడిగా ఎక్కించుకోవాలి. అది లేకపోతే ఇమేజ్ ఫ్రేములో పెట్టిన పీడీఎఫ్ అసలు కనబడదు. కనబడ్డాక కూడా తెరమీద మసకగానే ఉంటుంది. అది చూసి కంగారు పడనక్కర్లేదు, అది నమూనా బొమ్మ మాత్రమే. ఫ్రేము మీద కుడి క్లిక్ చేసి ప్రివ్యూ సెట్టింగ్స్‌లో ఫుల్ రిజల్యూషన్ పెడితే తేటపడుతుంది.

అసలు ప్రమాదం పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు. ఫ్రేములోని పీడీఎఫ్‌ని స్క్రైబస్ మామూలుగా బొమ్మగా మార్చేస్తుంది, అదీ ‘రిజల్యూషన్ ఫర్ ఈపీఎస్ గ్రాఫిక్స్’ గడిలో ఉన్న 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు). ఫొటోకి అది చాలు, అక్షరానికి చాలదు. 8 పాయింట్ల అక్షరానికి 300 డీపీఐలో దక్కే ఎత్తు దాదాపు 33 పిక్సెళ్లు. అందులో ‘థ’ కడుపులోని చుక్కకు మిగిలేది ఒకటో రెండో. అది చుట్టూ ఉన్న సిరాలో కలిసిపోతే ‘కథ’ కాస్తా ‘కధ’ అవుతుంది. ప్రూఫ్ ఎంత శ్రద్ధగా దిద్దినా ఇది దొరకదు, ఎందుకంటే తప్పు టైపింగులో లేదు.

మందు పీడీఎఫ్‌గా సేవ్ చేసే ఆ కిటికీలోనే, జనరల్ ట్యాబులో ఉంది. ‘ఎంబెడ్ పీడీఎఫ్ అండ్ ఈపీఎస్ ఫైల్స్’ దగ్గర టిక్ పెట్టాలి. పక్కన ‘ఎక్స్‌పెరిమెంటల్’ అని రాసి ఉంటుంది, అయినా పెట్టాలి. అప్పుడు అక్షరాలు గీతలుగానే వెళ్తాయి. పని జరిగిందో లేదో తెలుసుకోవడానికి, బయటికొచ్చిన పీడీఎఫ్‌ని 800 శాతానికి పెంచి చూడండి. అంచులు నున్నగా ఉంటే సరే, మెట్లు మెట్లుగా ఉంటే టిక్ పడలేదన్నమాట. ఇంత ముఖ్యమైన గడిని ఖాళీగా వదిలిపెట్టడం ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బొత్తిగా నచ్చని విషయం.

ఈ టిక్‌కి ఒక లోపం ఉంది: లోపలి పీడీఎఫ్ రంగుల్ని స్క్రైబస్ ముట్టుకోదు. వర్డ్ నుంచి చేసిన పీడీఎఫ్‌లో నలుపు ఆర్‌జీబీ నలుపు, అంటే తెరకోసం ఎరుపు, ఆకుపచ్చ, నీలాలతో చెప్పిన నలుపు. ప్రెస్సులో అది సీఎంవైకేకి (అచ్చులో వాడే నాలుగు సిరాల పద్ధతికి) మారేటప్పుడు నాలుగు ప్లేట్లకీ పంచుకుపోతుంది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల చుట్టూ రంగు నీడలు పడతాయి. కాబట్టి నలుపు తెలుపు పేజీల్ని పెట్టకముందే గోస్ట్‌స్క్రిప్ట్‌తో గ్రేకి మార్చుకోవాలి. ఇది అక్షరాలే ఉన్న పేజీలకు చేయండి. ఫొటోలున్న పేజీలకు చేస్తే అది బొమ్మల్ని మళ్లీ కుదించే అవకాశం ఉంది.

వర్డ్ ఫైలుని నేరుగా టెక్స్ట్ ఫ్రేములోకి తెస్తే పాఠం వస్తుంది, బొమ్మలు రావు. వాటికోసం వర్డ్‌లో కుడి క్లిక్ కొట్టి సేవ్ చేయకండి. డాక్స్ ఫైలుకి కాపీ తీసి, దాని పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే, ‘వర్డ్’ ఫోల్డరు లోపలి ‘మీడియా’లో బొమ్మలన్నీ ఉంటాయి. అయితే వర్డ్ వాటిని ముందే 220 పీపీఐకి (అంగుళానికి 220 పిక్సెళ్లు) కుదించి ఉండవచ్చు. రాసేవాళ్లు ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్‌లో ‘డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్’ ముందే పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

ఫొటోల విషయంలో స్క్రైబస్ బాగుంది. ఫ్రేములో బొమ్మను సాగదీసినకొద్దీ అసలు డీపీఐ ఎంతకి పడిందో అంకెల్లో చూపిస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన 1600 పిక్సెళ్ల ఫొటో 5.3 అంగుళాల దాకా 300 నిలుపుకుంటుంది, 8 అంగుళాలకి సాగదీస్తే 200కి పడిపోతుంది. సేవ్ చేసేముందు తప్పులు వెతికే ప్రీఫ్లైట్ వెరిఫయర్ హెచ్చరిస్తుందిలే అని ఊరుకోకండి. దాని కనీస హద్దు 144, అంతకంటే తగ్గితే తప్ప నోరు విప్పదు. ఆ హద్దుని 250కి పెంచుకోండి. గీత బొమ్మలుంటే పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు కంప్రెషన్ ‘ఆటోమేటిక్’లో ఉంచక ‘లాస్‌లెస్’ పెట్టండి, లేకపోతే గీతల చుట్టూ మురికి చుక్కలు తేలతాయి.

అను అనే పాత తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్‌లో కట్టిన పుస్తకాల పేజీలకూ ఈ ఎంబెడ్ దారే మేలు. ఆ పాఠం యూనికోడ్ కాదు, కాపీ చేసి అతికిస్తే పిచ్చి గీతలే వస్తాయి. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ అయి ఉన్నాయో లేదో రీడర్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లోని ఫాంట్స్ ట్యాబులో చూసుకుని, ఉంటేనే పెట్టండి.