పేపర్ కప్పా, స్టీలు గ్లాసా?

కాలేజీ స్పోర్ట్స్ మీట్‌లో నీళ్లు ఎలా ఇస్తారన్న దగ్గరే సగం చెత్త సంగతి తేలిపోతుంది.

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు నిషేధం కాబట్టి చాలా చోట్ల పేపర్ కప్పులకు మారారు. పని సులువే. క్యాన్ పక్కన దొంతర పెడితే చాలు. కానీ ఆ కప్పు పేరుకే పేపర్. చించి చూడండి, లోపలి వైపు సన్నటి పొర సాగుతూ వస్తుంది. అది పాలిథీన్. అందుకే పాత పేపర్లతో పాటు అమ్ముడుపోదు, ఎరువు గుంతలో పూర్తిగా కుళ్లదు. పైగా ఒకే కప్పు దాచుకుని తాగేదెవరు? దాహమేసిన ప్రతిసారీ కొత్తదే. మధ్యాహ్నానికి కబడ్డీ కోర్టు చుట్టూ నలిగిన కప్పులే.

స్టీలు గ్లాసులు టెంట్ హౌస్‌లో అద్దెకు దొరుకుతాయి. తలనొప్పంతా కడగడం దగ్గరే: సబ్బు నీళ్లకొక టబ్బు, మంచినీళ్లకొకటి, ఇద్దరు మనుషులు. నాలుగైదు గ్లాసులు మాయమవడం మామూలే, అడ్వాన్సులో కోసేస్తారు.

అయినా నా ఓటు స్టీలుకే. ఆటగాళ్లు మాత్రం సొంత బాటిళ్లు తెచ్చుకోవాలి, గ్లాసులు చూడ్డానికి వచ్చినవాళ్లకు. లేదంటే కడిగేవాళ్ల చేతులు పడిపోతాయి. బోరు నీళ్లు సరిగా రాని గ్రౌండైతే కప్పులే గతి. ఆ దొంతర ఒక మనిషి చేతికిచ్చి, అడిగినవాళ్లకే ఇప్పించండి.