అమ్మానాన్నలతో యూరప్‌లో నాలుగు రోజులు తిరగాలంటే వ్యానా, రైలా? ఏది మేలు?

మన నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇప్పుడు ఏ వీధిలో చూసినా జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో పిల్లలున్న ఇల్లు ఒకటి ఉంటోంది. వేసవి దగ్గర పడేసరికి అందరి ఇళ్ళలో ఒకటే మాట: అబ్బాయి రమ్మంటున్నాడు, వియ్యంకులు కూడా వస్తామంటున్నారు, అక్కడ పెద్ద వ్యాన్ తీసుకుని అందరం కలిసి తిరిగితే మేలా, రైళ్ళు ఎక్కితే మేలా? మా అక్కా బావ జర్మనీలోని మ్యూనిక్‌లో ఉంటారు. అమ్మా నాయనా, బావ వాళ్ళ అమ్మానాన్న, నేను, నా భార్య, పిల్లలు, అందరం కలిసి అక్కడ రెండు రకాలుగానూ తిరిగాం కాబట్టి చెబుతున్నా. పల్లెలకి, చెరువులకి, కొండ ఊళ్ళకి వ్యాన్ మేలు. పెద్ద ఊళ్ళకి రైలు మేలు. స్విట్జర్లాండ్ వెళ్తే మాత్రం కారు ఊసే ఎత్తకండి. అయితే వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. రోజుకో హోటల్ మారుతూ తిరగాలా, లేక అమ్మాయి ఇంట్లోనే ఉండి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయాలా అనేది.

అరవై ఐదు దాటిన వాళ్ళుంటే రెండోదే. రోజూ సూట్‌కేసులు సర్దడం, కొత్త బాత్రూములో వేడినీళ్ళు ఎటు తిప్పితే వస్తాయో వెతుక్కోవడం, పొద్దున బీపీ మాత్ర ఏ సంచిలో ఉందో తెలియక ఇల్లంతా టెన్షన్, ఇవన్నీ కలిసి మనిషిని నడక కంటే ఎక్కువ అలిసిపోయేలా చేస్తాయి. మ్యూనిక్ లాంటి చోట ఇల్లుంటే చుట్టూ చూడాల్సినవి బోలెడు. నాయిష్వాన్‌స్టైన్ కోట పక్కనున్న ఫ్యూసెన్ దాదాపు మన నెల్లూరు నుంచి ఒంగోలు అంత దూరం. సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో ఉన్నా 145 కిలోమీటర్లే. పొద్దున ఇడ్లీ తిని బయల్దేరి రాత్రి రసం అన్నానికి ఇంటికొచ్చేయొచ్చు.

ముందు వ్యాన్ సంగతి. అక్కడ మామూలు కారు లైసెన్సుతో డ్రైవర్‌తో కలిపి తొమ్మిది మంది కూర్చునే బండి వరకూ నడపొచ్చు. రెండు కుటుంబాలు ఒకే బండిలో పడతాయి. కానీ తొమ్మిది మందీ ఎక్కితే వెనక పెద్ద సూట్‌కేసులకి చోటుండదు, ఒక్కరోజు ప్రయాణానికి మాత్రమే అది సుఖం. మూడో వరసలోకి వంగి దూరాలి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళని అక్కడ కూర్చోబెట్టకండి. పన్నెండేళ్ళలోపు పిల్లలు 150 సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉంటే పిల్లల సీటు తప్పనిసరి, దానికి అద్దె విడిగా కట్టాలి. మాన్యువల్ గేర్ బండ్లకంటే ఆటోమేటిక్‌కి డబ్బు ఎక్కువ అడుగుతారు. అద్దె కాగితంలో పేరు లేనివాళ్ళు స్టీరింగ్ పట్టుకోకూడదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది. బండిని పక్క దేశానికి తీసుకెళ్ళొచ్చా లేదా అన్నది కూడా అదే కాగితంలో ఉంటుంది, సంతకం పెట్టే ముందే అడగండి.

ఎవరు నడపాలి? మన ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్‌తో విజిటర్లు నడపొచ్చు, అది ఏడాది చెల్లుతుంది. అయినా నా మాట వినండి, అక్కడ ఉంటున్న వాళ్ళే నడపాలి. అక్కడ బండి కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు, ఓవర్‌టేక్ ఎడమవైపు నుంచి మాత్రమే. హైవే మీద 130 దాటొద్దని సలహా ఉంటుంది గానీ కొన్ని చోట్ల లిమిటే లేదు, వెనకనుంచి వచ్చే కారు అద్దంలో చుక్కలా కనబడి, మళ్ళీ చూసేలోపు పక్కనుంచి వెళ్ళిపోతుంది. ట్రాఫిక్ ఆగితే ఎడమ చివరి లేన్‌లో ఉన్నవాళ్ళు ఎడమకీ, మిగతావాళ్ళు కుడికీ జరిగి మధ్యలో అంబులెన్స్‌కి దారి వదలాలి. ఆ పద్ధతి చూసి మా నాయన బండి దిగేదాకా దాని గురించే మాట్లాడాడు. ఇవన్నీ అలవాటైన చేతులకి సులువు, మన జాతీయ రహదారి మీద ఎంత అనుభవమున్నా వారం రోజుల్లో ఒంటబట్టవు.

టోల్ లెక్క దేశానికో తీరు. జర్మనీలో కార్లకి టోల్ లేదు. ఆస్ట్రియాలో హైవే ఎక్కాలంటే విన్యెట్, అంటే ముందే కొనే టోల్ చీటీ, తీసుకోవాలి, ఒక్కరోజుది, పదిరోజులది దొరుకుతాయి, బండి నంబరు మీద ఆన్‌లైన్‌లో కొనొచ్చు. జర్మనీ సరిహద్దు నుంచి సాల్జ్‌బర్గ్ నార్డ్ అనే ఎగ్జిట్ దాకా ఆ హైవే ముక్కకి మాత్రం మినహాయింపు ఉంది, కాబట్టి సాల్జ్‌బర్గ్ ఊరు చూసి వెనక్కి వచ్చేవాళ్ళకి అది అక్కర్లేదు. ఇన్స్‌బ్రుక్ దాటి బ్రెన్నర్ కనుమ మీదుగా ఇటలీ వెళ్తే ఆ దారికి విడిగా టోల్ కట్టాలి. ఇటలీలో పాత ఊళ్ళ నడిబొడ్డున అనుమతి లేని బండ్లు రాకూడని వీధులుంటాయి, కెమెరా ఫోటో తీస్తుంది, ఫైన్ నెలల తర్వాత ఇంటికొస్తుంది. ఫ్లారెన్స్, మిలాన్, రోమ్, వీటికి వ్యాన్ తీసుకెళ్ళడం డబ్బిచ్చి తలనొప్పి కొనుక్కోవడమే.

ఇక రైలు. బవేరియాలో, అంటే మ్యూనిక్ ఉన్న రాష్ట్రంలో, తిరిగేవాళ్ళకి బయెర్న్ టికెట్ అని ఒకటుంది, ఒకే టికెట్ మీద ఐదుగురు పెద్దవాళ్ళ దాకా రోజంతా రీజినల్ రైళ్ళలో, సిటీ బస్సుల్లో తిరగొచ్చు, సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా కూడా చెల్లుతుంది. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది తర్వాతే ఎక్కాలి, శని ఆదివారాల్లో ఆ పట్టింపు లేదు. ఐసీఈ లాంటి స్పీడు రైళ్ళకి పనికిరాదు. ఖర్చులో వ్యాన్ దీని దగ్గరకి కూడా రాలేదు, ఎందుకంటే వ్యాన్‌కి అద్దె ఒక్కటే కాదు, డీజిల్, పార్కింగ్, రెండో డ్రైవర్, పిల్లల సీట్లు అన్నీ కలపాలి. షుగర్ ఉన్నవాళ్ళకి రైల్లో ఇంకో సుఖం ఉంది, టాయిలెట్ పెట్టెలోనే ఉంటుంది. హైవే మీద అయితే వచ్చే రెస్ట్ ఏరియా దాకా ఓర్చుకోవాలి, పెద్ద ఏరియాల్లో ఒక యూరో వేస్తేనే గేటు తెరుచుకుంటుంది, అందుకని బండిలో చిల్లర పెట్టుకోండి. ఆ గేటు ఇచ్చే చీటీ పారేయకండి, అక్కడి షాపుల్లో చెల్లుతుంది.

రైలుకి ఉన్న కష్టం మారడంలో ఉంది. జర్మనీలో 2024లో దూరపు రైళ్ళలో మూడో వంతు కంటే ఎక్కువ సమయానికి చేరలేదు. ఒక రైలు ఆలస్యమైతే రెండోది తప్పుతుంది, ప్లాట్‌ఫాం మారుతుంది, లిఫ్ట్ ఎక్కడో చివరన ఉంటుంది, ఐదు నిమిషాల్లో నలుగురు పెద్దవాళ్ళని అటు దాటించాలి. అందుకే నా లెక్క ఇదీ: ఒక్క రైల్లో కూర్చుంటే చేరిపోయే ఊరైతే రైలు, రెండుసార్లు మారాల్సి వస్తే వ్యాన్.

దీనికి సరైన ఉదాహరణ కోనిగ్‌సీ. బెర్చ్‌టెస్‌గాడెన్ దగ్గర కొండల మధ్య చెరువు. రైల్లో అయితే ఫ్రైలాసింగ్‌లో మారి, దిగాక మళ్ళీ బస్సెక్కాలి. వ్యాన్‌లో అయితే దాదాపు రెండు గంటలు, పార్కింగ్ నుంచి కాస్త నడిస్తే రేవు. అక్కడ 1909 నుంచీ కరెంటు పడవలే నడుపుతున్నారు, ఇంజను చప్పుడు ఉండదు. మధ్యలో పడవ ఆపి పడవాయన బూర తీసి కొండకేసి ఊదుతాడు, ఒక్క క్షణం ఆగి అదే పాట కొండ నుంచి తిరిగి వస్తుంది. అమ్మ ఆ రోజు మొత్తంలో పెద్దగా నడిచింది లేదు, కానీ అంతకంటే బాగా ఏ రోజూ తిరగలేదంది.

నాయిష్వాన్‌స్టైన్ కోట దగ్గర లెక్క వేరు. ఫ్యూసెన్ దాకా రైల్లో వచ్చినా, కోట కింద ఊరిదాకా వ్యాన్‌లో వచ్చినా, చివరి కొండ అందరికీ ఒకటే. సొంత బండ్లని పైకి పోనివ్వరు. నడిస్తే అరగంట పైనే. గుర్రబ్బండి ఉంది గానీ కోట గుమ్మం దాకా పోదు. బస్సు పైదాకా వెళ్తుంది గానీ అక్కణ్ణుంచి కిందికి ఏటవాలుగా దిగాలి, మోకాళ్ళకి ఎక్కడం కంటే దిగడమే కష్టం. లోపలికి టికెట్ మీద వేసిన టైముకే వదులుతారు, ఆలస్యమైతే ఆ టికెట్ పోయినట్టే. అందుకని పెద్దవాళ్ళుంటే ఈ రోజుకి వ్యాన్ పెట్టుకోండి, వాళ్ళు కింద చెరువు పక్కన కూర్చుని పెరుగన్నం తింటుంటే పిల్లలు పైకెళ్ళి వస్తారు.

స్విట్జర్లాండ్‌కి ఎందుకు కారు వద్దన్నానంటే, అక్కడ హైవే విన్యెట్ 40 ఫ్రాంకులు, ఒక్కరోజు తిరిగినా ఏడాదిదే కొనాలి. పైగా మనం చూడాలనుకునే వెంగెన్, మ్యూరెన్, జెర్మాట్‌లలోకి కార్లు రానివ్వరు, కింద పెట్టి రైలో కేబుల్ కారో ఎక్కాల్సిందే. స్విస్ ట్రావెల్ పాస్‌తో రైళ్ళు, బస్సులు, పడవలు దాదాపు అన్నీ ఎక్కొచ్చు, తల్లిదండ్రులతో వచ్చే పదహారేళ్ళలోపు పిల్లలకి ఫ్యామిలీ కార్డు మీద ఉచితం. జర్మనీలో ఉంటున్న మీ వాళ్ళు కూడా ఆ పాస్ కొనుక్కోవచ్చు. మంచుకొండల మీదున్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ రైల్వే స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది, గుండె జబ్బులున్న వాళ్ళు డాక్టర్ని అడిగాకే టికెట్ కొనండి.

ప్యాకేజీ బస్సు టూరు సంగతి అడిగితే, అక్కడ సొంత మనుషులు లేనివాళ్ళకి అది బాగుంటుంది. కూతురి ఇంటికి వెళ్ళి, కూతుర్ని ఇంట్లో వదిలేసి బస్సెక్కడం నాకు నచ్చదు.

ఇంట్లో అందరూ ఉండాలా, పక్కన ఫ్లాట్ తీసుకోవాలా అన్నది ఇంకో ప్రశ్న. అక్కడ చాలా ఇళ్ళకి బాత్రూము ఒక్కటే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదు, మన అత్తయ్యలు ఐదింటికే మిక్సీ వేస్తే కింది ఇంటివాళ్ళు వచ్చి తలుపు కొడతారు. ఆదివారం షాపులు మూసేస్తారు, శనివారమే పాలు, పెరుగు, కూరలు కొని పెట్టాలి. ఆరుగురు దాటితే నడిచిపోయే దూరంలో వారం అద్దెకి ఫ్లాట్ తీసుకోవడమే మేలు. పెద్దవాళ్ళు నలుగురూ ఇంట్లో, మన వయసు వాళ్ళు ఫ్లాట్‌లో. ఈ మాట విమానం టికెట్లు కొనకముందే రెండువైపులా చెప్పేస్తే ఎవరికీ మనసు నొచ్చుకోదు, అక్కడికెళ్ళాక చెబితే మర్యాద తక్కువ చేశారనుకుంటారు. ఇంకోటి, నడిపేది, వండేది ఒకే జంట కాకూడదు. బావ నాలుగు గంటలు నడిపొచ్చిన రోజు వంట మేం చేసేవాళ్ళం, అక్క కాసేపు అమ్మ పక్కన కూర్చునేది. అమ్మ అంతదూరం వెళ్ళింది దానికోసమే.

వీసాకి మనిషికి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకి 45, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. దేశం దాటే రోజు పాస్‌పోర్టులు ఒంటిమీదే ఉండాలి, షెంగెన్ (సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న దేశాల కూటమి) అయినా జర్మనీలోకి తిరిగొచ్చేటప్పుడు రైల్లోనూ రోడ్డుమీదా చెక్ చేస్తున్నారు. సామాన్లలో నెయ్యి, మటన్ పచ్చడి, కరివేపాకు పెట్టొద్దు, రానివ్వరు. రొయ్యల పచ్చడికి ఇబ్బంది లేదు, చేపలూ రొయ్యలూ సొంత వాడకానికి కొంత బరువు దాకా అనుమతిస్తారు.

కందుకూరు పిన్ని, బాబాయి వచ్చే వేసవిలో కొడుకు దగ్గరికి మ్యూనిక్ దగ్గర్లోని ఆగ్స్‌బర్గ్ వెళ్తున్నారు. వాళ్ళకి నేను చెప్పింది: ఉన్నది నలుగురే కాబట్టి వ్యాన్ వద్దు, బయెర్న్ టికెట్ మీద మ్యూనిక్, సాల్జ్‌బర్గ్ చూడండి, కోనిగ్‌సీకి మాత్రం ఒక్కరోజు చిన్న కారు తీసుకోండి, అది కూడా శని ఆదివారాలు కాకుండా.