ఐదో లెవెల్ జట్టులోకి కొత్త పాత్ర: ఒకటో లెవెలా, ఐదో లెవెలా?

పాచికలతో పాత్రలను నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో, దాడి పాచికకు కలిపే ప్రొఫిషియెన్సీ బోనస్ ఒకటో లెవెల్‌కు +2, ఐదో లెవెల్‌కు +3. తేడా ఒక్కటే కాబట్టి ఒకటో లెవెల్ కొత్త పాత్ర వేసే దెబ్బలూ శత్రువుకు తగులుతాయి. చిక్కంతా ప్రాణాల దగ్గరే. 8 హిట్ పాయింట్లు (ప్రాణాల లెక్క) ఉన్న విజార్డ్ (మాంత్రికుడు) మీద ఫైర్‌బాల్ మంత్రం పడితే సగటు డ్యామేజ్ 28. సేవ్ (తప్పించుకోవడానికి వేసే పాచిక) తప్పితే సున్నాకు చేరాక ఇంకా 20 మిగులుతుంది. అది గరిష్ఠ హిట్ పాయింట్లను దాటింది కనుక అక్కడికక్కడే చావు. మొదటి సెషన్లలో ఫైర్‌బాల్ వేసే శత్రువులను దయచేసి దించకండి.

ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) సమానంగా పంచితే ఎదుగుదల చకచకా సాగుతుంది. జట్టు 6,500 నుంచి 14,000కు చేరి ఆరో లెవెల్ ఎక్కేసరికి, సున్నా నుంచి మొదలైన కొత్త పాత్ర 7,500తో ఐదో లెవెల్లో ఉంటుంది. అందరికీ ఒకేసారి లెవెల్ పెంచే మైల్‌స్టోన్ పద్ధతిలో ఈ అంతరం పూడదు. అక్కడ నేరుగా ఐదో లెవెలే ఇవ్వాలి.

అనుభవం ఉన్నవారికైతే ఎప్పుడైనా ఐదే మేలు. తొలిసారి ఆడేవారు మాత్రం మూడో లెవెల్ స్పెల్స్ (మంత్రాలు) దాకా ఉన్న జాబితా చూసి తికమకపడతారు, ఒక్కో టర్న్ సాగిపోతుంది. వారి చేతికి ఫైటర్‌ని (యోధుణ్ణి) ఇవ్వండి: రెండు దాడులు, పాచికలు, అంతే.