కాలువా, రైలా, హైవేనా: డెల్టా ఊరికి ఏది మేలు?

గోదావరి డెల్టాలో కాలువ మీదున్న లొల్ల లాకులు (నీటిని ఆపి వదిలే తలుపులు) చూసి అట్నుంచి అటే రావులపాలెం వెళ్లండి. దారిని బట్టి ఊరు ఎలా పెరుగుతుందో, ఎలా ఆగిపోతుందో తెలుస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు చేలకు నీళ్లతో పాటు పడవలనూ తెచ్చాయి. ధాన్యం, కొబ్బరి వాటి మీదే సాగేవి. పడవలు పోయాయి, లొల్ల పల్లెగానే ఉండిపోయింది (సినిమా షూటింగుల సందడి వేరే సంగతి). అమలాపురం రోడ్డు హైవేలో కలిసే చోటున్న రావులపాలెం మాత్రం అరటి మార్కెట్‌తో పట్నమైపోయింది.

అలాగని హైవేకే ఓటెయ్యలేను. కాలువ ఊరు గట్టు వెంబడి సన్నగా పెరిగేది, పల్లపు చేల జోలికి పోయేది కాదు. హైవే పక్కన ఎక్కడ పడితే అక్కడ షెడ్డు వేసుకోవచ్చు. కానీ నేల పల్లం కాబట్టి ప్రతి సైటునీ లారీల కొద్దీ మట్టి తోలి మెరక చెయ్యాలి. దాంతో నీరు మురుగు కాలువకు చేరే దారి మూసుకుపోతుంది, వానాకాలంలో వెనకున్న చేను మునుగుతుంది. ట్రాఫిక్ పెరిగితే బైపాస్ వేస్తారు, ఊరు దాని మీదికీ పాకుతుంది. రాజమండ్రికి అవతలెక్కడో ఉండే మోరంపూడి, లాలాచెరువు ఇప్పుడు ఊళ్లోవే.

రైలు స్టేషన్‌లోనే ఆగుతుంది కాబట్టి బజారు, లాడ్జీలు, ఆటోలు దాని చుట్టూనే చేరతాయి. తాడేపల్లిగూడెం చూడండి. గేటు పడితే ఊరు రెండు ముక్కలవడం దీని తలనొప్పి. తోట నుంచి బొండాల లోడు ఎత్తాలంటే లారీయే దిక్కు, అదీ ఒప్పుకోవాలి.

అయినా కోనసీమకు నా ఓటు రైలుకే. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వచ్చింది. యుద్ధం కోసం 1940లో పట్టాలు పీక్కెళ్లారు, 2004లో మళ్లీ వేశారు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వరకు పొడిగింపు 2000–01 బడ్జెట్‌లో మంజూరైనా ఇంకా నానుతూనే ఉంది. అది వస్తే స్టేషనూ బస్టాండూ పక్కపక్కనే ఉండాలి. చవగ్గా వస్తుందని ఊరికి దూరంగా చేలల్లో స్టేషన్ కట్టారా, అక్కడిదాకా రోడ్డు, రోడ్డు పక్కన సైట్లు, మళ్లీ మట్టి లారీలు. ఆ మాత్రానికి హైవే ఉండనే ఉంది.