మిడ్‌ల్యాండ్ డబ్ల్యూఆర్120 వెదర్ రేడియో: టోర్నడోలు వరుసపెట్టి దిగే వారంలో ఎంత పనికొస్తుంది?

వెదర్ రేడియో అంటే అమెరికా వాతావరణ శాఖ ప్రసారాలు అందుకుని, హెచ్చరిక రాగానే మోత మోగించే చిన్న డబ్బా. ఒక్క టోర్నడో అయితే ఫోన్‌కొచ్చే అలర్ట్‌తో సరిపెట్టుకోవచ్చు. రోజుల తరబడి విరుచుకుపడితే లెక్క వేరు. 2011 ఏప్రిల్ 25 నుంచి 28 దాకా అమెరికాలో సుమారు 360 టోర్నడోలు దిగాయి. 300 మందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువ మంది 27న, అలబామాలో. ఆ రోజు తెల్లవారుజామున వచ్చిన మొదటి విడత గాలివానకే చాలాచోట్ల కరెంటు పోయింది. అసలైన భీకర టోర్నడోలు వచ్చింది మధ్యాహ్నం తర్వాత. అప్పటికి ఎన్నో ఇళ్లలో టీవీ లేదు, ఇంటర్నెట్ లేదు. నలభై డాలర్లకు అటూ ఇటూగా దొరికే ఈ డబ్బాని అలాంటి రోజుకి తూచి చూడాలి.

రేడియో మంచిదే. చెడగొట్టేది సెటప్. లొకేషన్ మెనూలో 'ఎనీ' అని వదిలేస్తే, మీకు ప్రసారం అందించే ట్రాన్స్‌మిటర్ పరిధిలో ఏ కౌంటీకి (మన జిల్లా లాంటిది) హెచ్చరిక వచ్చినా అర్ధరాత్రి సైరన్ మోగుతుంది. రెండో రాత్రికి విసుగొచ్చి ప్లగ్ పీకేస్తారు. మూడో రోజే అసలుది రావచ్చు. 'మల్టిపుల్' ఎంచుకుని ఆరంకెల కౌంటీ కోడ్‌లు ఇవ్వండి. టెక్సస్‌లో డాలస్ వైపు ప్లేనో వాళ్లయితే కాలిన్ 048085తో పాటు పడమటి పక్కనున్న డెంటన్ 048121 కూడా పెట్టుకోవాలి. తుఫాన్లు ఎక్కువగా పడమర, నైరుతి నుంచే వస్తాయి కాబట్టి కాస్త ముందే తెలుస్తుంది. ఫ్రిస్కో ఎలాగూ రెండు కౌంటీల్లోనూ ఉంది. పాతిక కోడ్‌ల దాకా పడతాయి కదా అని నింపకండి, రెండు చాలు. రెండే పెట్టినా అనవసరపు మోతలు తప్పవు: వాతావరణ శాఖ హెచ్చరిక కౌంటీలో ఒక ముక్కకే అయినా ఈ రేడియో కౌంటీ మొత్తానికీ మోగుతుంది. ఆ విషయంలో ఫోనే నయం.

ఛానెల్ మెనూలో అంకెని నమ్మకుండా ఏడు ఛానెళ్లూ తిప్పి, గొంతు ఎక్కడ స్పష్టంగా వినిపిస్తే అక్కడ ఆపండి. డాలస్ స్టేషన్ 162.400 మెగాహెర్ట్జ్. యాంటెన్నా పూర్తిగా లాగి కిటికీ దగ్గర పెట్టండి, వైఫై రౌటర్ పక్కన వద్దు. ప్రతి బుధవారం మధ్యాహ్నంలోపు సాధారణంగా టెస్ట్ వస్తుంది. వాతావరణం బాగోలేని రోజు అది ఆపేస్తారు, కాబట్టి ఆ వారం టెస్ట్ రాలేదని రేడియో పాడైందనుకోనక్కర్లేదు.

కరెంటు పోతే మూడు ఏఏ ఆల్కలైన్ బ్యాటరీలే దిక్కు. రేడియో వాటిని ఛార్జ్ చేయదు. ఏళ్ల తరబడి లోపలే ఉంచితే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి. ఏటా మార్చిలో గడియారం గంట ముందుకు జరిపేటప్పుడు మార్చేయండి. నాలుగు రోజుల గాలివానకి ఇంకో రెండు సెట్లు పక్కన ఉండాలి. టోర్నడో వస్తోందని క్లోజెట్‌లో తలదాచుకోవడానికి వెళ్లేటప్పుడు ప్లగ్ తీసి రేడియోని వెంట పట్టుకెళ్లండి.

మెనూ ఇంగ్లీషు, స్పానిష్, ఫ్రెంచ్‌లోనే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు రేడియోలో ఇంగ్లీషులో హెచ్చరికలు చదివే మర గొంతు అర్థం కాకపోవచ్చు. వాళ్లకు లైట్లు నేర్పండి: పసుపు అడ్వైజరీ (జాగ్రత్తగా ఉండమని), నారింజ వాచ్ (ప్రమాదం రావచ్చని), ఎరుపు వార్నింగ్ (ప్రమాదం వచ్చేసిందని). చిక్కేంటంటే వరద వార్నింగ్‌కీ ఎర్ర లైటే వెలుగుతుంది. అయినా పగలు ఇంట్లో వాళ్లిద్దరే ఉంటే, ఎరుపు చూడగానే కింది అంతస్తులో కిటికీల్లేని బాత్రూమ్‌లోకి వెళ్లి ఆ తర్వాతే మీకు ఫోన్ చేయమనండి.