ఆఫీసు గోడకు ఒరాకల్ 631: ఫిల్ము మంచిదే, ముందు గోడ సంగతి చూడండి

డిజైన్ స్టూడియోకో యాడ్ ఏజెన్సీకో గోడల మీద అక్షరాలు, బొమ్మలు కావాలంటే రేడియం షాపుల్లో సాధారణంగా ముందు చూపించేది బండ్లకు వాడే మెరుపు వినైలే (వెనక జిగురున్న ప్లాస్టిక్ ఫిల్ము). అది గోడకు వద్దు. దాని జిగురు పర్మనెంటు రకం, రెండేళ్ల తర్వాత పీకితే పెయింటుతో పాటు లప్పం కూడా ఊడొస్తుంది. పైగా లైటు పడిన చోటల్లా మెరిసి గోడలోని ఎగుడుదిగుళ్లన్నీ బయటపెడుతుంది.

గోడకు పనికొచ్చేది జర్మనీ కంపెనీ ఒరాఫోల్ వారి ఒరాకల్ 631 అనే వినైల్. 80 మైక్రాన్ల మందం, మ్యాట్ (మెరవని) ఫినిష్, మళ్లీ తీసేయడానికి వీలైన జిగురు. కాస్త దూరం నుంచి చూస్తే పెయింటరు వేసినట్టే ఉంటుంది. అద్దె ఆఫీసుకైతే ఇంకో ఆలోచన అక్కర్లేదు. అదే కంపెనీ 651 రకాన్ని గాజు పార్టిషన్లకు ఉంచుకోండి.

అయితే జిగురు మెతక కాబట్టి గోడ సహకరించకపోతే 631 నిలవదు. పెయింటు వేశాక కనీసం నాలుగు వారాలు ఆగాలి. లేదంటే పెయింటులోంచి వచ్చే ఆవిరి ఫిల్ము కింద చేరి బుడగలొస్తాయి, అంచులు లేస్తాయి. ప్రారంభోత్సవం హడావిడిలో మొన్న పెయింటు, నిన్న స్టిక్కరు అంటే డబ్బు దండగే. అరచేత్తో రుద్దితే పొడి అంటే డిస్టెంపరు గోడలు, టెక్స్చర్ గోడలు, చెమ్మ ఎక్కిన గోడలు దీనికి పనికిరావు. మరక అంటని ఖరీదైన ఎమల్షన్‌తోనూ జాగ్రత్త: మరకను నిలవనివ్వని పూత జిగురునూ నిలవనివ్వదు. రెండంగుళాల ముక్క అంటించి రెండు రోజులు చూశాకే ఆర్డరివ్వండి.

తెలుగు అక్షరాలతో ఇంకో తలనొప్పి ఉంది. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో ఒత్తులు, గుడులు విడి ముక్కలుగా వచ్చి అక్షరం మీదికి ఎక్కుతాయి. తెర మీద అంతా ఒకటే రంగు కాబట్టి తేడా తెలియదు. వినైల్‌ను కోసే మెషీను, అంటే ప్లాటరు మాత్రం ప్రతి ముక్క అంచునూ కోస్తుంది. 'క్రి' నడుము మీద అడ్డకోత పడి, చుట్టూ ఉన్న వినైల్ పీకేటప్పుడు ఒత్తు దాంతో పాటు పోతుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో అక్షరాలను కర్వ్స్‌గా (గీతల ఆకారాలుగా) మార్చి, వెల్డ్ చేయించి (ముక్కలన్నీ ఒకే ఆకారంగా కలిపించి), రంగుల్లేకుండా గీతలే చూపే వైర్‌ఫ్రేమ్‌లో లోపల గీతలేవీ మిగల్లేదని చూశాకే కోతకు పంపాలి. గీత మందం 3 మి.మీ.కి తగ్గనివ్వకండి. సన్నని తలకట్లే ముందుగా లేచేది.

అంటించేటప్పుడు సబ్బునీళ్లు గాజుకే, గోడకు వద్దు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పెన్సిలుతో లెవెల్ గీత గీయండి. డిజైన్‌ను గోడకు ఆనించి, నడిమధ్యలో నిలువునా మాస్కింగ్ టేపు వేయండి. ఒక సగం వెనక కాగితం తీసి కత్తిరించి, మధ్య నుంచి బయటికి స్క్వీజీతో (నొక్కే ప్లాస్టిక్ పలకతో) నొక్కండి. తర్వాత టేపు తీసేసి రెండో సగం. పైనున్న ట్రాన్స్‌ఫర్ టేపును (కోసిన అక్షరాలను వరుస చెదరకుండా గోడ మీదికి చేర్చే టేపు) ఎదురుగా లాగితే అక్షరాలూ లేచొస్తాయి, గోడకు ఆనించి వెనక్కి మడుస్తూ మెల్లగా లాగాలి. జిగురు ఎక్కువున్న టేపు 631తో అసలు కుదరదు. మిగిలిన చిన్న బుడగను సూదితో పొడిచి వేలితో నొక్కితే చాలు.

రేటు మాట్లాడేటప్పుడు చదరపు అడుగు ధరలో కోత ఒక్కటే ఉందా, వీడింగు (అక్షరాల చుట్టూ ఉన్న వినైల్ పీకే పని), ట్రాన్స్‌ఫర్ టేపు, ఫిట్టింగు కూడా కలిపారా అని అడగండి. చిన్న అక్షరాలు ఎక్కువున్న డిజైన్‌కు ఫిల్ము కంటే వీడింగు కూలీయే ఎక్కువ పడొచ్చు.