ఆదివారం పొద్దున ఎటు: రాళ్లా, పిట్టలా, కుక్కలా, పుస్తకాలా?

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్న మనిషిని పిలిచేవాళ్లకు కొదవ లేదు. శనివారం సాయంత్రానికి ఒక వాట్సాప్ గ్రూపులో "రేపు రాళ్ల నడక, నీళ్ల సీసా తెచ్చుకోండి" అని వస్తుంది. ఇంకో గ్రూపులో "ఆరింటికల్లా చెరువు కట్ట మీద ఉండాలి" అంటారు. కుక్కపిల్లల ఫోటోలు పెట్టి, పెంచుకోలేకపోతే కనీసం ఓ పూట వచ్చి సాయం పట్టండి అని అడిగేవాళ్లు మరోపక్క. పాత గ్రంథాలయాలు మాత్రం గట్టిగా పిలవవు. తలుపులు తీసి కూర్చుంటాయంతే.

ఊరికే చూసి రావడమే కావాలంటే ఇంత ఆలోచన అక్కర్లేదు. సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటుంది. గంట కొట్టే గడియారం ముందు జనంతో పాటు నిలబడి, బయటికొచ్చి టీ తాగి రావచ్చు. చూడ్డంతో పాటు ఎంతో కొంత చెయ్యి కలపాలనుకుంటేనే చిక్కు. అలాంటి చోట్లని పోల్చడానికి నేను పెట్టుకున్న కొలత ఇది: నేను వెళ్లకపోతే అక్కడ ఏ పని ఆగిపోతుంది?

ఈ కొలతతో చూస్తే రాళ్ల నడక మొదటే ఓడిపోతుంది. 250 కోట్ల ఏళ్లుగా ఉన్న గ్రానైట్‌కి నా రాకతో పనేముంది? అయినా నాలుగింటిలో అన్నిటికన్నా హాయిగా గడిచేది ఇదే, అందుకే ముందు దీని గురించి చెప్తాను. సొసైటీ టు సేవ్ రాక్స్ 1996లో పుట్టింది. హైదరాబాద్ చరిత్ర రాసిన ఐఏఎస్ అధికారి నరేంద్ర లూథర్ దీనికి అధ్యక్షుడిగా పనిచేశారు. బంజారాహిల్స్‌లో తన ఇంటిని, అక్కడున్న బండని పగలగొట్టకుండా దాన్ని కలుపుకునే కట్టుకున్న మనిషి ఆయన. నెలకో ఆదివారం వీళ్లు ఏదో ఒక గుట్ట దగ్గరికి జనాన్ని తీసుకెళ్తారు. దారిలో ఎవరో ఒకరు చెప్తారు: ఈ గుండ్లని ఎవరూ పేర్చలేదు, ఎక్కడినుంచీ దొర్లి రాలేదు. భూమి లోపల గట్టిపడిన శిలలో పగుళ్ల వెంట నీరు దిగింది, మూలలు అరిగాయి, చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయింది, గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి అలాగే మిగిలాయి. ఇది విన్నాక గచ్చిబౌలి రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఆగినా కళ్లు బండల కోసమే వెతుకుతాయి.

పని చేయడం అంటే ఇక్కడ ఎక్కువగా లెక్కకి నిలబడటమే. అది చిన్న విషయం కాదు. అప్పటి హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) వారసత్వ నిబంధనల కింద తొమ్మిది శిలాసముదాయాలకు గుర్తింపు వచ్చిందంటే, వెనకాల ఇలా నడిచినవాళ్లు, ఉత్తరాలు రాసినవాళ్లు ఉన్నారు. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, శిల్పారామంలోని బేర్స్ నోస్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్, మౌలాలి వైపు సెంటినెల్ రాక్ అలాంటివే. రాయిని ఎవరూ దొంగతనంగా ఎత్తుకుపోరు, పట్టపగలు ప్రొక్లెయిన్ పెట్టి పగలగొడతారు. అప్పుడు "ఇక్కడికి జనం వస్తారు" అని చెప్పగలగడమే కాపలా.

పిట్టల గుంపు తీరు వేరు. ఇక్కడ కబుర్లు తక్కువ, నడక ఇంకా తక్కువ. ఒక తుమ్మచెట్టు కింద ఇరవై నిమిషాలు నిలబడటం వీళ్లకి మామూలే. దక్కన్ బర్డర్స్ 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘంగా మొదలైంది. వాళ్ల పత్రిక పేరు కూడా 'పిట్ట'. చలికాలంలో అమీన్‌పూర్ చెరువు, మంజీరా, ఉస్మాన్‌సాగర్ లాంటి చోట్లకి వెళ్తుంటారు. అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తుంటే మధ్యలో కొంగలు, బాతులు, నీటికోళ్లు ఏమీ పట్టనట్టు తిరుగుతుంటాయి.

ఇక్కడ నా కొలత బాగా పనిచేస్తుంది. మీరు ఒక చెరువు దగ్గర పావుగంట నిలబడి, గుర్తుపట్టిన ప్రతి పక్షినీ లెక్కపెట్టి, పక్షుల లెక్కలు దాచే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే, ఆ రోజు, ఆ గంట, ఆ చెరువు రికార్డయిపోతుంది. మీరు వెళ్లకపోతే ఆ గడి ఖాళీ, తర్వాత ఎవరూ వెనక్కెళ్లి నింపలేరు. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక ఇలాంటి లెక్కల మీదే నిలబడింది: 30 వేల మందికి పైగా మామూలు జనం ఎక్కించిన మూడు కోట్ల నమోదులు, వాటి ఆధారంగా 942 జాతుల పరిస్థితి. మన పాలపిట్ట తగ్గిపోతోందన్న సంగతి కూడా ఆ లెక్కల్లోంచే బయటపడింది. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. దసరా రోజు ఊరు ఊరంతా దాని కోసం ఆకాశంలోకి చూస్తుంది, మిగతా 364 రోజులూ ఎవరు లెక్కపెడుతున్నారు మరి?

పేర్లు తెలియవు కదా అని జంకేవాళ్లకి ఒక మాట. కాకి, గోరింక, పికిలి పిట్ట, లకుముకి, జెముడుకాకి, చిలుక, పావురం తెలిస్తే మొదలుపెట్టడానికి చాలు. తెలియనిది రాయకుండా వదిలేయండి, తప్పు రాసేకన్నా అది నయం. ఎన్ని ఉన్నాయో కచ్చితంగా లెక్కపెట్టలేకపోతే అంచనా రాయొచ్చు. బైనాక్యులర్ లేదని ఆగక్కర్లేదు, గుంపులో ఎవరో ఒకరు ఇస్తారు. పిట్టల మనుషులకి ఉన్న ఒకే చెడ్డ అలవాటు, అరుదైనది కనిపిస్తే కొత్తవాళ్లని మరిచిపోయి కెమెరాలతో పరిగెత్తడం. కాసేపటికి వాళ్లే తిరిగొస్తారు.

రాళ్లకీ పిట్టలకీ మధ్య తేడా 2025లో బాగా బయటపడింది. సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద బుల్డోజర్లు దిగాయి, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపమంది. ఆ నేల తరఫున మాట్లాడినవాళ్లు పదేపదే చూపించింది అక్కడి పక్షుల, చెట్ల, జంతువుల జాబితాలనే. బండలు అందంగా ఉన్నాయంటే అది అభిప్రాయం కింద పోతుంది. ఫలానా తేదీన ఫలానా పక్షి ఇక్కడ కనిపించిందంటే అది సాక్ష్యం. అందుకే సరదాకి రాళ్లు, పనికి పిట్టలు అంటాను. పిల్లలతో వెళ్లేవాళ్లు మాత్రం ఈ మాట పట్టించుకోకండి. పదేళ్ల లోపు పిల్లల్ని చెరువు కట్ట మీద నోరు మూయించడం కన్నా, గుట్ట ఎక్కనివ్వడం తేలిక. టోపీ, నీళ్లు మరిచిపోవద్దు, బండల మీద నీడ దొరకదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఉల్టా: గుట్టలు వద్దు, చెరువు కట్ట బాగుంటుంది.

ఇక కుక్కలు. హైదరాబాద్‌లో జంతువుల ఆశ్రయం అనగానే అందరి నోటా వచ్చేది 1992లో అమల, నాగార్జున మొదలుపెట్టిన బ్లూ క్రాస్. చిన్న షెల్టర్లు ఇంకా చాలా ఉన్నాయి. ఏ షెల్టర్ అయినా సరే, ఈ పనిని మిగతా మూడింటితో ఒకే గాటన కట్టకూడదు. రాళ్లు, పిట్టలు, పుస్తకాలు మీరు వచ్చిందీ రానిదీ గమనించవు. కుక్క గమనిస్తుంది. దెబ్బ తిని మనుషులంటేనే భయపడే కుక్క దగ్గరికి రావాలంటే, వారం వారం అదే మనిషి, అదే వాసన, అదే గొంతు ఉండాలి. ఒక్కరోజు వెళ్లి, ఎత్తుకుని సెల్ఫీ దిగి వచ్చేస్తే దానికి ఒరిగేదేమీ లేదు. పైగా ఆ రోజు మీకు దారి చూపించడానికి అక్కడి పనివాళ్ల గంట పోతుంది.

పని కూడా అనుకున్నంత ముద్దుగా ఉండదు. గూళ్లు కడగడం, గిన్నెలు తోమడం, బట్టలు ఉతకడం, గోమార్లు ఏరడం. వెళ్లాలనుకుంటే ముందు ఫోన్ చేసి, ఎవర్ని రానిస్తారో, ఏ వయసు దాటాలో అడగండి. ముందస్తు రేబిస్ టీకాల గురించి డాక్టర్‌తో మాట్లాడండి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి మందు లేదు కాబట్టి ఇక్కడ మొహమాటం పనికిరాదు. వీధికుక్కల మీద కాలనీలో రోజూ గొడవపడే వాళ్లు, ఇటువైపు వాళ్లయినా అటువైపు వాళ్లయినా, ఒకసారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగే చోటు చూసి వస్తే మంచిది. 2023 నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, మామూలుగా పట్టుకొచ్చిన చోటే వదలాలి. ఇదెంత శ్రమో చూస్తే ఇరువైపులా గొంతు కాస్త తగ్గుతుంది. నెలలో నాలుగు ఆదివారాలూ ఇవ్వగలిగినవాళ్లకి నా ఓటు ఇక్కడే. ఇవ్వలేనివాళ్లు మందుల ఖర్చుకి డబ్బు పంపండి, అది మీ సెల్ఫీ కన్నా పదిరెట్లు మేలు.

పుస్తకాల విషయానికొస్తే, సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబర్ 1న, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు లాంటివాళ్లు వెనక ఉన్నారు. నిజాం పాలనలో తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక దొరికే చోటు కోసం పెట్టుకున్నది. తర్వాత హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం, సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధిని వచ్చాయి. ఇవాళ ఆ చుట్టుపక్కల రోజూ షాపింగ్ చేసేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అనుమానమే. అన్నట్టు, మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను పోతూనే ఉంది. కట్టిన డబ్బు కోసమైనా పేటలో ఉన్న శాఖా గ్రంథాలయం ఎక్కడుందో చూసి రావచ్చు.

పాత గ్రంథాలయాల్లో ఆగిపోతున్న పని ఏదంటే, ఏం ఉందో రాసిపెట్టడం. గత శతాబ్దపు కాగితం చాలామటుకు చెక్క గుజ్జుతో చేసింది. అందులోని ఆమ్లం వల్ల పసుపెక్కి, తిప్పితే పెళుసుగా విరిగిపోతుంది. పైన చెదలు, వాన చెమ్మ. ఒక బీరువా తీసి, దుమ్ము దులిపి, పేరు, రచయిత, సంవత్సరం, పేజీల సంఖ్య కంప్యూటర్‌లో ఎక్కిస్తే, ఎక్కడో పరిశోధన చేసుకునేవాడికి ఆ పుస్తకం బతికే ఉందని తెలుస్తుంది. ఈ పనికి ఫిట్‌నెస్ అక్కర్లేదు, తెల్లవారుజామున లేవక్కర్లేదు. తెలుగు తడబడకుండా చదవడం రావాలి, ఓపిక ఉండాలి. రిటైరైన టీచర్లకి దీన్ని మించిన ఆదివారం లేదు.

మిగతా మూడూ దూరం నుంచి చేయలేం, ఇది చేయొచ్చు. రచయిత పోయి 60 ఏళ్లు దాటిన పుస్తకాలకి మన చట్టంలో కాపీరైట్ ఉండదు. వాటిని స్కాన్ చేసి, పాత పుస్తకాల్ని అందరూ ఉచితంగా చదువుకునే తెలుగు వికీసోర్స్ సైట్‌లో పెడితే, ప్రతి పేజీనీ బొమ్మతో సరిపోల్చి అచ్చుతప్పులు దిద్దేవాళ్లు కావాలి. స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు తీసే యంత్రం 'ఘ'ని 'ఫ'గా, 'ష'ని 'ప'గా చదివేస్తుంది, ఒత్తులు మింగేస్తుంది. ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగుకి, రెండోవాళ్లు సరిచూస్తే ఆకుపచ్చకి మారుతుంది. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న తెలుగువాళ్లు, ఇక్కడికొచ్చి చెరువు కట్ట మీద నిలబడలేనివాళ్లు, రాత్రి భోజనం అయ్యాక రెండు పేజీలు దిద్దినా అవి దిద్దినట్టే. అక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు చదవడం అలవాటు కావడానికి ఇది శతకాలు బట్టీ పట్టించడం కన్నా బాగా పనిచేస్తుందని నా నమ్మకం, కాకపోతే వాళ్లు విసుక్కోవడానికి సిద్ధంగా ఉండాలి.

అందరికీ పిట్టలు, తెలుగు బాగా వచ్చినవాళ్లకి పుస్తకాలు, ఇదీ నా వరస. సందేహంలో ఉన్నవాళ్లు ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌తో మొదలుపెట్టవచ్చు, బాల్కనీలోంచే పావుగంట లెక్కపెట్టి ఎక్కించవచ్చు. గ్రంథాలయానికి వెళ్తే మాస్కు పెట్టుకుని, ఎవరున్నారో ముందుగా అడిగి వెళ్లండి. పాత ఎంసెట్ గైడ్లూ, కాలం చెల్లిన కంప్యూటర్ పుస్తకాలూ అటక మీంచి దించి 'విరాళం' అంటూ మాత్రం పట్టుకెళ్లకండి. అవి వాళ్ల దగ్గర ఇప్పటికే చాలా ఉన్నాయి.